టెంట్ హౌస్ ఇంటి పిల్ల కొన్న పందిరి

మా నాన్న అనకాపల్లిలో 38 ఏళ్లు టెంట్ హౌస్ నడిపాడు. పెళ్లిళ్లు, పెద్దకర్మలు, నూకాలమ్మ జాతరలో వేసే అంగళ్లు, ఏది జరిగినా రాటలూ గుడ్డలూ మా గోదాం నుంచి వెళ్లాల్సిందే. ఎండాకాలం సెలవుల్లో మా దాగుడుమూతలన్నీ చుట్టిపెట్టిన షామియానాల మధ్యే. అలాంటి ఇంట్లో పుట్టి, క్యాంపింగుకి నీడ కావాలని 6,400 రూపాయలు పోసి ఆన్‌లైన్లో ఒక పందిరి తెప్పించుకున్నాను. ఫోన్లో ఆ మాట చెప్తే నాన్న కాసేపు ఉలకలేదు, పలకలేదు. ఆనక, "పోన్లే అమ్మలూ, జాలరోళ్ల పిల్లలు బజార్లో చేపలు కొనుక్కోరా ఏటి" అన్నాడు.

మేం నలుగురం, అప్పుడప్పుడు మా ఆడపడుచు వాళ్లు ముగ్గురు. పెద్ద సాహసాలు చేసే బాపతు కాదు. విశాఖలో ఉన్నందుకు కాస్త ఇటెళ్తే సముద్రం, మూడు గంటలు అటెళ్తే కొండలు. శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం రాత్రికి ఎంవీపీ కాలనీలో ఇంటికొచ్చి పడతాం. టెంటు ముందే కొన్నాం గానీ అది రాత్రి పడుకోడానికే. పగలు పదింటికి అందులో కూచుంటే ఇడ్లీ పాత్రలో కూచున్నట్టే. వండుకోడానికి, తినడానికి, వాన పడితే తడిసిన చెప్పులు విప్పుకుని లోపలికి దూరడానికి టెంటు బయట ఇంకో కప్పు ఉండాలి, ఇంటికి వసారా ఉన్నట్టు. ఆ వసారా ఎలాంటిదై ఉండాలో తెలిసేసరికి మూడేళ్లు పట్టింది. ఈలోగా ఒక ఇనప కాలు వంగింది, ఒక రాత్రి ఏడుగురం నిలువునా తడిశాం.

నేను కొన్నది మడత ఫ్రేము రకం. నాలుగు కాళ్లు పట్టుకుని లాగితే గొడుగులా విచ్చుకుంటుంది, గుడ్డ పైన ముందే తగిలించి ఉంటుంది. ఇద్దరుంటే ఐదు నిమిషాల పని. అమ్మేవాళ్లు 10×10 అని రాశారు. అపార్ట్‌మెంటు పార్కింగులో విప్పి చూస్తే నీడ ఏదో చిన్నబోయినట్టుంది. మా ఆయన టేపు తెచ్చి కొలిచాడు. కాళ్లు బయటికి వాలి ఉండే రకం అది. కింద కాలికీ కాలికీ మధ్య 10 అడుగులున్నాయి, పైన గుడ్డ మాత్రం 8×8. అంటే 100 చదరపు అడుగులు అనుకుని 64 కొన్నాను. కాళ్లు నిటారుగా ఉండే రకంలో కింద ఎంతో పైనా అంతే. ఖరీదూ బరువూ కాస్త ఎక్కువ. వాళ్లు అబద్ధమేమీ రాయలేదు, ఆ కొలత ఎక్కడిదో నేనే అడగలేదు. నాది 16 కిలోలు తూగింది. డిక్కీలో సగం అదే.

మొదటిసారి బయటికి తీసింది ఫిబ్రవరిలో ఒక ఆదివారం, భీమిలి రోడ్డులో మంగమారిపేట దాటాక, ఒక సరుగుడు తోపు ముందర. ఎనిమిదింటికి వేశాం. ఆకు కదలడం లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. పెట్టెలో ఇచ్చిన జానెడు మేకులు నాలుగూ ఇసకలో గుచ్చి, తాళ్లు కట్టి, పులిహోర డబ్బా తీశాం. పదకొండు కావస్తుండగా సముద్రం మీంచి గాలి మొదలైంది. మన తీరంలో అది రోజూ జరిగేదే. ఎండకి నేల ముందు కాగుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి నీళ్ల మీది చల్లగాలి తోసుకొస్తుంది. రాత్రికి తిరగబడి నేల మీంచి నీళ్ల మీదికి పోతుంది. బడిలో చదివిందే, పరీక్షలో రాసిందే. పులిహోర తింటున్నప్పుడు గుర్తు రాలేదు.

గుడ్డ ఒకసారి ఉబ్బి సద్దుమణిగింది. రెండోసారి ఉబ్బినప్పుడు సముద్రం వైపు మేకులు రెండూ చప్పుడు లేకుండా ఇసకలోంచి వచ్చేశాయి. మూడోసారి ఆ రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి. పందిరి పందిరంతా వెనక్కి పల్టీ కొట్టి సరుగుడు చెట్టుకి తగులుకుంది. మా చిన్నది అప్పుడే గవ్వలు ఏరడానికి వెళ్లింది కాబట్టి ఇవాళ దీన్ని నవ్వుతూ రాయగలుగుతున్నాను.

ఆ గోలకి, కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచొచ్చాడు. "ఇసకలో మేకేటమ్మా, పెరుగులో పుల్ల గుచ్చినట్టు" అన్నాడు. తోపులో పడున్న ఖాళీ యూరియా సంచులు నాలుగు దులిపాడు. ఒక్కోదాన్లో సగానికి పైగా ఇసక నింపి, మూతి బిగించి, ఆ మూతికే తాడు కట్టాడు. పందిరికి నాలుగైదు అడుగుల అవతల, చెయ్యి మోచేతి దాకా మునిగేంత గొయ్యి తీసి సంచిని అడ్డంగా పడుకోబెట్టాడు. తాడు బయటికొచ్చే వైపు మాత్రం గొయ్యి అంచుని ఏటవాలుగా చెక్కాడు. లేకపోతే తాడు నిట్టనిలువుగా లాగి సంచిని పైకి పీకేస్తుందిట. ఇసక పూడ్చి, పైన నాలుగు తొక్కులు తొక్కి, "లాగు" అన్నాడు. మా ఆయనా మా వాడూ కలిసి లాగారు. కదల్లేదు. ఆ రోజు నుంచి మా డిక్కీలో ఖాళీ సంచులు ఆరు ఎప్పుడూ ఉంటాయి, బరువు లేదు, ఖర్చు లేదు.

మా వాడు ఇంజనీరింగు రెండో ఏడు. ఇంటికొచ్చాక లెక్క వేశాడు. 10×10 గుడ్డని తెరచాపలా నిలబెడితే, గంటకు 20 కిలోమీటర్ల గాలి దాన్ని ఇంచుమించు 17 కిలోల బరువుతో నెడుతుంది. గాలి 40 అయితే తోపు రెట్టింపవదు, నాలుగింతలవుతుంది. అంటే 70 కిలోలు. మరి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో వీచిన 180 కిలోమీటర్ల గాలికి ఎంతరా అంటే, 1,400 కిలోల పైమాటే అన్నాడు. ఆ తుపాను తర్వాత నాన్న గోదాంలో ఉన్న బరకాలన్నీ, అదే టార్పాలిన్లన్నీ, ఆటోలో వేసుకుని మా వీధికి వచ్చాడు. రేకులు ఎగిరిపోయిన ఇళ్ల మీద ఆయన, ఇద్దరు పనివాళ్లు రెండు రోజులు ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. ఒక్క ఇంటి దగ్గరా అద్దె అడగలేదు. ఇది పక్క కథ, గుర్తొచ్చింది కాబట్టి రాశాను.

సంక్రాంతికి నాన్న వచ్చినప్పుడు బాల్కనీలో ఆ వంగిన కాలు చూశాడు. "కాళ్లున్న గొడుగిది. గొడుగు గాల్లో ఎవరైనా ఏస్తారా? పందిరి బలం రాటలో లేదమ్మా, తాట్లో ఉంటాది" అన్నాడు. ఈ టెంట్ హౌస్ కబుర్లు పుట్టినప్పట్నుంచీ వింటున్నాను, కానీ ఎన్నడూ నాకోసం వినలేదు. ఈసారి విన్నాను. క్యాంపింగుకి ఆయన చెప్పిన సరంజామా ఇంతే: మంచి బరకం ఒకటి, ఆరడుగుల వెదురు కర్రలు రెండు, తాళ్లు, ఇనప మేకులు. ఫ్రేము అక్కర్లేదు.

టార్పాలిన్ అన్నా బరకం అన్నా మా వైపు ఒకటే. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్టుకి వెళ్లాం. 12×15 కావాలన్నాను. అబ్బాయి నీలం రంగుదొకటి పరిచి "200 జీఎస్‌ఎం మేడం, లారీల వాళ్లు తీసుకెళ్తారు" అన్నాడు. నాన్న గుడ్డ వైపు చూడలేదు, కాటా ఎక్కడుందో చూశాడు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో ఆ లెక్క. 12×15 అంటే 180 చదరపు అడుగులు, 16.7 చదరపు మీటర్లు. 200 జీఎస్‌ఎం అయితే 3 కిలోల 300 గ్రాములు దాటాలి. కాటా మీద పెడితే 2 కిలోల 100. అంటే 125. అబ్బాయి తల గోక్కుని, "అలా రాసే వస్తాయండీ" అన్నాడు, పాపం నిజంగానే అతనికి తెలిసినట్టు లేదు. నాన్న బేరం కొంచెం కింద నుంచి మొదలుపెట్టి అదే తీసుకున్నాడు. క్యాంపింగుకి 120 చాలు, 200 అయితే మొయ్యడానికే సరిపోతుంది. కానీ 200 రేటు ఎందుకివ్వాలి? ఇంకో సంగతి: బరకం మీద రాసే కొలత చాలాసార్లు అంచు మడిచి కుట్టకముందు కొలత. మాది పరిచి కొలిస్తే రెండు వైపులా నాలుగు వేళ్లు తగ్గింది.

తర్వాత నాన్న చూసింది రింగులు, తాడు దూర్చే కంతలకి బిగించినవి. మూలల్లో గుడ్డ రెండు మూడు పొరలుగా మడిచి ఉందా, రింగు చుట్టూ అంచులో తాడు కుట్టారా అని వేలితో నొక్కి నొక్కి చూశాడు. బరకం చిరిగిందంటే నూటికి తొంభైసార్లు రింగు దగ్గరేనట. రింగు ఊడినా కంగారు లేదు. గుడ్డలో ఒక గులకరాయి చుట్టి, దాని మెడకి తాడు బిగిస్తే రింగు కన్నా గట్టిగా పట్టుకుంటుంది. ఆయన అది చేసి చూపిస్తే నాకు చిన్నప్పుడు చీర కొంగున చిల్లర ముడేసుకునే మా అమ్మమ్మ కనిపించింది.

ఇంక ముడి. లారీ వాళ్లు సరుకు మీద బరకం బిగించడానికి వేసే ముడి ఇది. దీని కోసమే ఈ పోస్టు రాస్తున్నానన్నా తప్పులేదు. తాడు ఒక కొస బరకానికి ఉంటుంది. మేకుకి మూరెడు ముందు, తాడుని ఒకసారి మెలిపెట్టి అందులోంచి మడత దూర్చి చిన్న ఉచ్చు వెయ్యాలి. ఖాళీ కొసని మేకు చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి మేకు వైపుకే లాగాలి. ఉచ్చు నూతి మీది గిలకలా పనిచేస్తుంది. మామూలుగా మీకున్న బలం కంటే ఎక్కువే బిగుస్తుంది, తాడు మీటితే మోగుతుంది. ఆ బిగువు వదలకుండా బొటనవేలితో నొక్కిపట్టి, పైన రెండు జారుముళ్లు. విప్పేటప్పుడు కొస పట్టి లాగితే ఊడొస్తుంది, చీకట్లో వానలో పళ్లతో కొరకాల్సిన పని లేదు. మా చిన్నది నాకన్నా ముందు నేర్చుకుంది, ఇప్పుడు స్కూలు బ్యాగుకి కూడా అదే వేస్తోంది.

తాడు విషయంలో నాన్నకీ మా వాడికీ చిన్న వాదన జరిగింది. నాన్న కాలంలో నూలు తాళ్లు. తడిస్తే కుదించుకుపోయి రాటల్ని వంచేసేవిట, అందుకని వాన రాగానే ఎవరో ఒకరు పరిగెత్తి వదులు చెయ్యాలి. మా దగ్గరున్నది నైలాను. అది తడిస్తే సాగుతుంది, కాబట్టి వాన రాగానే పరిగెత్తి బిగించాలి. ఏదైనా పరుగు తప్పదు.

బరకం పట్టుకుని మొదట వెళ్లింది అనంతగిరి వైపు, సెప్టెంబరు చివర, తెలిసినవాళ్ల కాఫీ తోట పక్కన. అక్కడ కాఫీ మొక్కలకి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటి మీదికి మిరియాల తీగ పాకుతుంది. తోటవాళ్లు ముందే చెప్పారు, తీగ ఉన్న చెట్లకి కట్టొద్దని. తీగ లేని రెండు చెట్లకి గోనెపట్టా చుట్టి దాని మీద తాడు కట్టాం, బెరడు కోసుకుపోకుండా. చెట్టు నుంచి చెట్టుకి ఆ తాడే దూలం. బరకం దాని మీద పరిచి, రెండు వైపులా చూరులా దించి మేకులకి కట్టాలి. నాన్న చెప్పిన పద్ధతి అది. మేకు కూడా నిటారుగా కొట్టకూడదు, తల పందిరికి అవతలి వైపు వాలాలి.

అంతా సరిగ్గానే చేశాం. తర్వాత మా ఆడపడుచు భర్త, ఆరడుగుల మనిషి, చూరు తలకి తగులుతోందని ఒక వైపు వెదురు కర్రలు పెట్టి పైకెత్తారు. కప్పు ఇంచుమించు సమంగా అయింది, విశాలంగా, హాయిగా. నేనూ ఏమీ అనలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి వాన మొదలైంది. కొండల్లో వాన చప్పుడు ముందు చెట్ల మీద వినిపిస్తుంది, ఒక నిమిషం తర్వాత మన మీదికి వస్తుంది. పావుగంటలో బరకం నడిమధ్య బొజ్జ దిగింది. పైన నీళ్లు చేరితే గుడ్డ సాగుతుంది, సాగితే ఇంకా నీళ్లు చేరతాయి. మీటరు వెడల్పు, జానెడు లోతు గుంట అంటే 80 లీటర్లు, అంటే 80 కిలోలు నెత్తి మీద వేలాడుతున్నట్టు. మా ఆయన కింద నుంచి చీపురు కర్రతో పొడిచి నీళ్లు తోసెయ్యాలని చూశారు. నీళ్లు ఒక వైపుకి పోలేదు, అన్ని వైపులకీ పోయాయి. వెదురు కర్ర ఒకటి జారింది. అప్పుడే దింపిన ఉప్మా గిన్నె, రెండు పరుపులు, మేం ఏడుగురం.

ఆ తడిలోనే ఫోన్ చేస్తే నాన్న అడిగింది ఒక్కటే: "ఓ మూల దించేరా?" చూరు రెండు వైపులా బాగా దించలేకపోతే కనీసం ఒక మూల మోకాలి ఎత్తుకి లాగి కట్టాలి, నీళ్లకి దారి అదే. కింద బకెట్టు పెడితే గిన్నెలు కడగడానికి నీళ్లు కూడా దొరుకుతాయి. 12×15 బరకం మీద 1 సెంటీమీటరు వాన పడితే 167 లీటర్లు, అవి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. ఇప్పుడు మేం వేస్తే మధ్య తాడుకీ చూరుకీ కనీసం రెండడుగుల తేడా ఉంటుంది. ఆరడుగుల మనిషి వంగుతారు.

వాన గురించి ఇంకో చిన్న చిట్కా. కప్పు బాగానే ఉన్నా, చెట్టు దగ్గర తడిసిన తాడు వెంట నీళ్లు పాక్కుంటూ లోపలికి వస్తాయి, తాడు నడుమ నుంచి బొట్టు బొట్టుగా అన్నంలో పడతాయి. బరకం అంచుకి జానెడు అవతల ఆ తాడుకి ఒక పాత గుడ్డపీలిక వేలాడగట్టండి. నీళ్లు అక్కడ ఆగి పీలిక వెంట కిందికి దిగిపోతాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టే.

ఎండ సంగతి వానంత గొడవ పెట్టదు గానీ అక్కడా నేను తప్పుగానే మొదలుపెట్టాను. పందిరి ఎక్కడ వేస్తే నీడ అక్కడే పడుతుందనుకున్నాను. విశాఖలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లే, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ. డిసెంబరులో మధ్యాహ్నం పన్నెండుకి కూడా బాగా దక్షిణానికి వంగి ఉంటాడు. ఏడడుగుల ఎత్తు కప్పు నీడ ఆరడుగులు ఉత్తరానికి జరిగి పడుతుంది. చాప పందిరి కింద, నీడ పక్కింటివాళ్ల చాప మీద. అందుకే చలికాలంలో దక్షిణం చూరు దించుతాం. మన బీచ్‌లో పొద్దున్న ఎండ సముద్రం వైపు నుంచే కాబట్టి అటు ఒక పాత దుప్పటి వేలాడదీసి, గాలి మొదలయ్యేలోపు పదింటికల్లా తీసేస్తాం. ఆ గాలి వేళకి సముద్రం వైపు అంచు నడుం ఎత్తుకి దింపేస్తాం, గాలి కప్పు మీంచి జారిపోయేలా. పూర్తిగా నేలకి దించితే గాలాడక ఉక్క చంపుతుంది.

నీలం బరకం కింద మధ్యాహ్నం కూచుంటే అందరి మొహాలూ నీలం, కూర నీలం, వేడి మాత్రం తగ్గదు. గుడ్డ కాగి ఆ వేడిని కిందికి కక్కుతుంది. వెండి పూత ఉన్నది నయం, పూత పైకి ఉండాలి. మేం ఇంకోటి చేస్తాం: బరకానికి జానెడు కింద అమ్మ పాత నూలు చీర ఒకటి కడతాం. రెండిటి మధ్య గాలాడుతుంది, చీర పెద్దగా కాగదు. షామియానాలకి లోపల ఇంకో పొర గుడ్డ కట్టడం అందం కోసమనుకునేదాన్ని ఇన్నాళ్లూ. వాన నమ్మకంగా రాని ఏప్రిల్‌లో అయితే డాబా మొక్కలకి వేసే ఆకుపచ్చ నెట్ కూడా చాలు, 75 శాతం నీడ ఇచ్చే రకం. గాలి అందులోంచి వెళ్లిపోతుంది కాబట్టి ఎగిరే భయం తక్కువ. నాలుగు చినుకులు పడితే మాత్రం దానికీ మీకూ సంబంధం లేదు.

లంబసింగి, వంజంగి వైపు చలికాలం వెళ్లేవాళ్లు వాన లేదు కదా అని కప్పు మానెయ్యకండి. తెల్లారేసరికి మంచుకి కుర్చీలు, స్టవ్వు, బూట్లు పిండితే నీళ్లు కారేలా ఉంటాయి.

పిడుగులు పడే వాతావరణంలో మాత్రం ఏ బరకమూ ఏ ఫ్రేమూ పనికిరాదు. చెట్టుకి కట్టిన బరకం కింద కూచోవడమంటే చెట్టు కింద కూచోవడమే. ఉరుము వినపడితే మేం వంట మధ్యలో వదిలేసి కార్లోకి వెళ్లి అద్దాలు ఎత్తేస్తాం. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్‌కి పిడుగుల మెసేజ్‌లు వస్తాయి, వాటిని తీసిపారెయ్యకండి. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే ఆ వారం మేం సామాను కట్టనే కట్టం.

ఇంతా చెప్పి ఆ ఫ్రేము పందిరిని తిట్టినట్టయింది గానీ, చెట్లు లేని గట్టి నేల మీద, గాలి లేని చోట, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే దానికి సాటి లేదు. నిమిషాల్లో నీడ. వంగిన కాలు వెల్డింగు చేయించాను, 150 తీసుకున్నాడు. పోయిన వినాయక చవితికి మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ప్రసాదం పంచడానికి అదే వేశారు. నాన్న వచ్చి నాలుగు కాళ్లకీ నాలుగు నీళ్ల బిందెలు కట్టించాడు. తొమ్మిదో రోజుకి ఒక బిందె ఎవరో పట్టుకుపోయారు, ఆ మూల ఇప్పుడు మా పాత గ్యాస్ స్టవ్వు వేలాడుతోంది.